"స్వామి చూసుకుంటాడు" అన్నాక మన జాగ్రత్త దేనికి?

మీ ప్రశ్న మొత్తం చదివాను. తర్వాత చదివేవాళ్ళ కోసం దాన్ని రెండు ముక్కల్లో చెప్పి మొదలుపెడతాను. మీది చిత్తూరు. మీ నాన్నగారికి అరవై దాటాయి, షుగరు, బీపీ ఉన్నాయి, గుండెకు స్టెంటు కూడా పడింది. ఆయన అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నారు. ఐదేళ్ళ మనవరాలిని కూడా తనతో నడిపించుకుని పోతానంటున్నారు. ఎండ తగ్గాక సాయంత్రం బయల్దేరాలని ఆయన ఆలోచన. ఆ రోజు ఉపవాసం కాబట్టి మాత్రలు వేసుకోరట. ఒకసారి డాక్టర్ని అడుగుదామని మీరంటే "పిలిచింది స్వామి, చూసుకునేది స్వామి. రాసిపెట్టి ఉంటే ఇంట్లో కూర్చున్నా జరుగుతుంది. నీకు నమ్మకం తక్కువ" అన్నారు. ఆ చివరి మాట మీకు గుచ్చుకుంది. అన్నీ స్వామి ఇష్టప్రకారమే జరిగేటప్పుడు మన జాగ్రత్తకు అర్థం ఉందా, జాగ్రత్త పడడమంటే దేవుణ్ణి నమ్మకపోవడమేనా అని అడిగారు.

నేను తిరుపతిలో చాలాకాలం విశిష్టాద్వైతం, అంటే రామానుజుల వేదాంతం, పాఠం చెప్పినవాణ్ణి. మెట్లదారిలో పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని నడిచే అలవాటూ ఉంది. అందుకని శాస్త్రం సంగతి, దారి సంగతి రెండూ చెప్తాను. ముందు ఒక్కమాట: మీ నమ్మకంలో లోటేమీ లేదు. మీ నాన్నగారి భక్తిలోనూ లోటు లేదు. ఆయన శరణాగతి, అంటే స్వామికి తన్ను తాను పూర్తిగా అప్పగించుకోవడం, అనుకుంటున్నది మాత్రం మన ఆచార్యులు చెప్పిన శరణాగతి కాదు.

మీరు శ్రీవారి దర్శనానికి వెళ్ళినప్పుడు ఆలయం లోపల రంగనాయకుల మండపం చూసే ఉంటారు. ప్రముఖులు దర్శనానికి వస్తే వేదాశీర్వచనం అక్కడే చేస్తారు, టీవీలో తరచూ చూపిస్తారు. వేంకటేశ్వరుడి గుడిలో రంగనాయకుల పేరుతో మండపం ఎందుకుందని ఎప్పుడైనా అనుకున్నారా? 14వ శతాబ్దంలో ఢిల్లీ సైన్యాలు శ్రీరంగం మీదికి వచ్చినప్పుడు అక్కడి రంగనాథుడి ఉత్సవమూర్తిని రహస్యంగా తరలించారు. ఆ మూర్తి ఎన్నో ఊళ్ళు తిరిగి, చివరికి మన కొండమీదికి చేరి, చాలా ఏళ్ళు ఇక్కడే పూజలందుకుంది. విజయనగర సేనాని గోపనార్యుడు 1371లో ఆ మూర్తిని మళ్ళీ శ్రీరంగానికి చేర్చాడు. ఆ రోజుల గుర్తే ఈ మండపం పేరు.

ఇందులో మీ ప్రశ్నకు సంబంధించిన సంగతి, ఆ మూర్తిని ఊరు దాటించినవాళ్ళు ఎవరన్నది. ఆ పని తలకెత్తుకున్నది శ్రీరంగంలోని వైష్ణవ ఆచార్యుడు పిళ్ళై లోకాచార్యులు. అప్పటికే వృద్ధుడు. మూలవిరాట్టు కనిపించకుండా గర్భగుడికి అడ్డంగా గోడ కట్టించి, ఉత్సవమూర్తితో అడవిదారిన మదురై వైపు బయల్దేరాడని, ఆ ప్రయాణంలోనే పరమపదించాడని సంప్రదాయం చెప్తుంది. శరణాగతిలో మన ప్రయత్నానికి చోటే లేదని అందరికన్నా గట్టిగా చెప్పిన ఆచార్యుడు ఆయనే. తల్లిపిల్లి పిల్లను నోట కరుచుకుని తీసుకుపోతుంది, పిల్ల చేయాల్సింది ఏమీ ఉండదు. జీవుడూ అంతే అన్నది ఆ సంప్రదాయం. మార్జాల కిశోర న్యాయం అంటారు. దానికి ఎదురుగా, కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి కదా, జీవుడి వైపు నుంచి కూడా కొంత పట్టు ఉండాలన్నది అదే కాలపు ఇంకో వైష్ణవ ఆచార్యుడు వేదాంత దేశికుల సంప్రదాయం. ఈ రెండు పక్షాల మధ్య వందల ఏళ్ళుగా వాదం నడుస్తూనే ఉంది.

అదే దాడిలో దేశికులు ఏం చేశారో కూడా చూడండి. రామానుజులు బ్రహ్మసూత్రాలకు రాసిన శ్రీభాష్యానికి సుదర్శన సూరి అనే పండితుడు రాసిన వ్యాఖ్యానం తాళపత్రాలనూ, సూరి పిల్లలిద్దరినీ కాపాడడానికి శవాల మధ్య దాక్కుని, ఆ తర్వాత దూరప్రాంతానికి వెళ్ళిపోయారని చెప్తారు. సిద్ధాంతంలో ఒకరు పిల్లిపిల్ల పక్షం, ఒకరు కోతిపిల్ల పక్షం. ప్రమాదం గడప దగ్గరికి వచ్చినప్పుడు ఇద్దరూ ఒకే పని చేశారు. "రంగనాథుడు తన్ను తాను కాపాడుకోలేడా?" అని ఏ ఒక్కరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సర్వరక్షకుడని తాము రోజూ స్తుతించే స్వామినే గుడ్డలో చుట్టి, దాచి, మోసుకుపోయారు. ఆ పని వాళ్ళ నమ్మకానికి అడ్డురాలేదు. ఆ నమ్మకమే వాళ్ళచేత ఆ పని చేయించింది.

ఎందుకంటే రామానుజ సిద్ధాంతంలో జీవుడు శేషుడు, భగవంతుడు శేషి. అంటే మనమూ, మనదనుకునేదీ అంతా ఆయన సొత్తు. ఈ దేహం ఆయనది. మనవరాలు ఆయన బిడ్డ. "నాది కాదు, నీది" అన్నాక ఆ వస్తువును ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాలి గానీ తక్కువ జాగ్రత్తగా కాదు. మీ నాన్నగారికి చెప్పాల్సింది ఇదే అని నా ఉద్దేశం. "స్వామి సొత్తును స్వామి పేరు చెప్పి పాడు చెయ్యొద్దు నాన్నా" అనండి. నమ్మకం లేనివాడి మాటలా కాకుండా ఆయన భాషలోనే ఆయనకు వినిపిస్తుంది.

ఇక మీరడిగిన పెద్ద ప్రశ్న, అన్నీ స్వామి ఇష్టమే అయితే మన ఇష్టం ఏమిటన్నది. ఇది కొత్త ప్రశ్న కాదు. వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లో రెండో అధ్యాయం మూడో పాదంలో ఈ చర్చ ఉంది. జీవుడి కర్తృత్వం, అంటే పని చేసే శక్తి, పరమాత్మ అధీనమేనని ముందు ఒప్పుకుంటారు. అలాగైతే మంచికీ చెడుకూ బాధ్యత ఆయనదే కదా అన్న సందేహానికి జవాబుగా "కృతప్రయత్నాపేక్షస్తు" అనే సూత్రం వస్తుంది. జీవుడు చేసిన ప్రయత్నాన్ని బట్టే ఆయన నడిపిస్తాడని అర్థం. అలా కాకపోతే "ఇది చెయ్యి, అది చెయ్యకు" అని శాస్త్రం చెప్పడమే వృథా అయిపోతుందని ఆ సూత్రంలోనే కారణం కూడా ఉంది. రామానుజులు దీన్ని ఇంకొంచెం విప్పి చెప్పారు. తలపెట్టడం జీవుడి పని. అంతర్యామిగా ఉన్న స్వామి ఆ మొదటి తలపును చూసి అనుమతి ఇస్తాడు, ముందుకు నడిపిస్తాడు. అనుమతి లేకుండా ఏదీ కదలదు, నిజమే. కానీ దేనికి అనుమతి అడుగుతున్నామన్నది మన చేతిలో ఉంది.

గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఒక పని జరగడానికి ఐదు కారణాలు చెప్తాడు కృష్ణుడు. అధిష్ఠానం అంటే దేహం, కర్త అంటే జీవుడు, రకరకాల కరణాలు అంటే ఇంద్రియాలు, వేర్వేరు చేష్టలు, ఐదోది దైవం. దైవం ఉంది, కాదనలేదు. మిగతా నాలుగింటినీ తీసెయ్యలేదు. చివర్లో అర్జునుడితో అంతా చెప్పి, "ఇదంతా బాగా ఆలోచించి నీకు ఎలా తోస్తే అలా చెయ్యి" అంటాడు. ఎదురుగా నిలబడింది సాక్షాత్తూ భగవంతుడు. ఆయనే ఆలోచించుకోమని వదిలిపెట్టాడు. "అన్నీ వదిలి నన్నే శరణు పొందు" అన్న శ్లోకం దీని తర్వాతే వస్తుంది. ఆలోచించుకోమన్న మాటను దాటేసి శరణు అన్న మాట ఒక్కటే పట్టుకుంటే గీత సగమే విన్నట్టు.

ఇక్కడ చాలామంది గజేంద్రుణ్ణి తెస్తారు. మీ నాన్నగారూ తేవచ్చు. "తన బలం వదిలేశాకే కదా స్వామి వచ్చింది" అంటారు. నిజమే, ఆ ఘట్టం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. అయితే కథ మొదటి నుంచి వినాలి. గజేంద్రుడు వేయేళ్ళు పోరాడాడు. ఒంట్లో సత్తువ ఉన్నంతవరకు కాలు లాగుతూనే ఉన్నాడు. అలా పోరాడినందుకు స్వామి అతణ్ణి తప్పుపట్టలేదు. ఇంకో సంగతి, అతను దాహానికి మడుగులో దిగాడు. లోపల మొసలి ఉందని తెలిసి, విష్ణువు వస్తాడో రాడో చూద్దామని దిగలేదు. శక్తి అంతా అయిపోయాక పిలిచే పిలుపు వేరు, శక్తి ఉండగా వాడకుండా "నువ్వే చూసుకో" అనడం వేరు. మొదటిది శరణాగతి. రెండోది స్వామికి పరీక్ష పెట్టడం.

ఇప్పుడు మనవరాలి విషయం. ఇది సూటిగా చెప్తాను. 2023 జూన్‌లో అలిపిరి దారిలో మూడేళ్ళ బాబును చిరుత ఎత్తుకుపోతే అదృష్టవశాత్తు బతికి బయటపడ్డాడు. ఆగస్టులో నరసింహస్వామి గుడి సమీపంలో ఆరేళ్ళ పాప చిరుత దాడిలో చనిపోయింది. ఆ కుటుంబమూ మనలాగే గోవింద నామం చెప్పుకుంటూ నడిచింది. వాళ్ళ భక్తి తక్కువైంది అనే హక్కు ఎవరికీ లేదు. నిర్లక్ష్యం చేశారని ఇంట్లో కూర్చుని తీర్పు చెప్పే హక్కూ లేదు. ఆ తర్వాత, 2023 ఆగస్టులోనే, పదిహేనేళ్ళ లోపు పిల్లల్ని మధ్యాహ్నం 2 దాటాక మెట్లదారిలోకి పంపకుండా టీటీడీ నిబంధన పెట్టింది. నడిచేవాళ్ళను గుంపులుగా వెళ్ళమంది, చేతికర్రలు ఇచ్చింది, బోన్లు పెట్టి చిరుతల్ని పట్టారు. మీ నాన్నగారు పాపను తీసుకుని సాయంత్రం బయల్దేరతానంటే అసలు అలిపిరి దగ్గరే ఆపేయవచ్చు. ఆ ఆపడాన్ని ఆయన అడ్డంకి అనుకోకూడదు. శేషాచలం అడవి స్వామి కొండే, అందులో చిరుత కూడా ఆయన సృష్టే. సంధ్యవేళ, చీకట్లో వేటకు కదలడం, ఒంటరిగా ఉన్న చిన్న ప్రాణిని ఎంచుకోవడం దాని స్వభావం. ఆ స్వభావం తెలిసీ పసిపిల్లను ముందు పరిగెత్తనిచ్చి మనం వెనక నడిస్తే దైవం అనే ఐదో కారణం మీద మిగతా నాలుగింటి భారం కూడా పెట్టినట్టే.

1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చేదాకా జనం ఈ కొండను నడిచో, డోలీలోనో ఎక్కేవాళ్ళు. ఊరు ఊరంతా కలిసి, పిల్లల్ని నడుమ పెట్టుకుని, గొంతెత్తి గోవిందా అంటూ కదిలేవాళ్ళని పెద్దలు చెప్పేవారు. జంతువుకు దూరం నుంచే మనిషి అలికిడి తెలిస్తే అది తప్పుకుంటుంది. ఆ కేకలో భక్తి ఎంతో, కాపుదల అంత. మన ముందువాళ్ళు వీటిని రెండుగా విడదీసి చూడలేదు.

"రాసిపెట్టి ఉంటే జరుగుతుంది" అన్న మాట గురించి కొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే ఆ మాట వల్ల ఎన్నో ఇళ్ళలో నష్టం జరగడం చూశాను. ఆ మాటకు ఒక చోటు ఉంది. చేయాల్సిందంతా చేసినా బిడ్డ దక్కని తల్లి పక్కన కూర్చుని "నీ తప్పేమీ లేదమ్మా, అది మన చేతుల్లో లేదు" అనడానికి అది పనికొస్తుంది. అక్కడ ఆ మాట మందు. రేపు చేయబోయే పనికి అదే మాట వాడితే విషం. ఏం రాసుందో రేపటిదాకా ఎవరికీ తెలియదు. తెలియనిదాన్ని సాక్ష్యంగా తెచ్చి ఈరోజు మాత్ర మానెయ్యడం ఏ శాస్త్రమూ చెప్పలేదు. పైగా డాక్టర్ దగ్గరికి వెళ్ళడం కూడా ఆ రాతలోనే ఉండి ఉండొచ్చు కదా? కొడుక్కి ఇంత ఆదుర్దా కలిగించి, ఈ ప్రశ్న అడిగించింది కూడా ఆ స్వామే అని ఆయన ఎందుకు అనుకోకూడదు?

అంతా విధి అనేస్తే ఇంకో నష్టం ఉంది, అడగాల్సినవాటిని అడగడం ఆగిపోతుంది. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో జనం తోసుకుని ఆరుగురు చనిపోయారు. అందరూ స్వామి కోసం వచ్చినవాళ్ళే. "వాళ్ళ రాత" అని నిట్టూర్చి ఊరుకుంటే, అంత జనాన్ని ఎక్కడ నిలబెట్టాలి, గేటు ఎలా తియ్యాలి, బయటికి దారి ఎటు ఉండాలి అన్న ప్రశ్నలు ఎవరడుగుతారు? మళ్ళీ ఏడాది మళ్ళీ అంత జనం వస్తారు. చచ్చిపోయినవాళ్ళ పట్ల మనకున్న బాధ్యత ఆ ప్రశ్నలు అడగడమే.

చదివేవాళ్ళలో పొలం పనులవాళ్ళు ఉంటారు కాబట్టి పాముకాటు సంగతి కూడా ఒక మాట. మన వేరుశనగ చేలల్లో రక్తపింజర, కట్లపాము, నాగుపాము కొత్తేమీ కాదు. మంత్రం వేసేవాళ్ళ మీద నమ్మకమూ కొత్త కాదు. ఆ నమ్మకాన్ని తిట్టి లాభం లేదు, కాటుపడ్డవాడికి భయం తగ్గడమూ అవసరమే. కానీ ముందు 108కి ఫోన్ చేయండి, కాటుపడ్డ కాలునో చేతినో కదపకుండా ఉంచండి, గట్టిగా కట్లు కట్టొద్దు, కోయొద్దు. మంత్రం చదివేవాణ్ణి కావాలంటే బండిలో పక్కన కూర్చోబెట్టుకుని పొండి. విషానికి విరుగుడు మందు ఆసుపత్రిలోనే ఉంటుంది, ఆలస్యమయ్యే ప్రతి గంటా ప్రాణం మీదికి తెస్తుంది.

మన గుడి కూడా ఇదే పద్ధతి. పన్నెండేళ్ళకోసారి బాలాలయం, అంటే స్వామి శక్తిని తాత్కాలికంగా వేరేచోట నిలిపే ఏర్పాటు, చేసి, స్వామి పీఠం దగ్గర విగ్రహాన్ని పట్టి ఉంచే అష్టబంధనం మళ్ళీ కూర్చి, శుద్ధి క్రతువైన మహాసంప్రోక్షణ చేస్తారు. 2018 ఆగస్టులో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. ఏటా పవిత్రోత్సవాలు చేస్తారు, తెలిసీ తెలియక జరిగిన లోపాలకు పరిహారంగా. లోపాలు జరుగుతాయని ముందే ఒప్పుకుని దిద్దుకునే ఏర్పాటు అది. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు భక్తులకు దర్శనం ఆపేశారు, జూన్‌లో మళ్ళీ తెరిచారు. ఆ రెండున్నర నెలలూ లోపల సుప్రభాతం నుంచి ఏకాంత సేవ దాకా కైంకర్యాలు, అంటే స్వామికి చేసే సేవలు, ఏవీ ఆగలేదు. కలియుగ వైకుంఠం తలుపులు మూయడం అపచారమని ఆనాడు బాధపడ్డవాళ్ళు ఉన్నారు. నాకు మాత్రం అది గొప్ప కైంకర్యంగా కనిపించింది. స్వామి దగ్గరికి వచ్చినవాడు స్వామి దగ్గరి నుంచి రోగం మోసుకుపోకూడదు కదా.

మీ ఉత్తరంలో చివర్లో ఒక వాక్యం రాశారు, "ఆయన బయట ఉన్నంతసేపూ నాకు నిద్ర పట్టదు, అన్ని ప్రమాదాలూ కళ్ళముందు తిరుగుతాయి" అని. అది కూడా వదలకూడదు. జాగ్రత్తకు ఒక హద్దు ఉంది. మీ వంతు పని చేశాక కూడా ఆ టెన్షన్ పోవట్లేదంటే, మీరు ఐదో కారణాన్ని కూడా మీ చేతుల్లోకి తీసుకోవాలని చూస్తున్నారన్నమాట. అది మనవల్ల కాదు. శరణాగతికి చెప్పిన ఆరు అంగాల్లో "రక్షిష్యతీతి విశ్వాసః" ఒకటి, ఆయన కాపాడతాడన్న గట్టి నమ్మకం. దానికి ముందు మరో రెండు ఉన్నాయి. ఆయనకు అనుకూలమైనదే చేస్తానన్న సంకల్పం ఒకటి, ప్రతికూలమైనదాన్ని విడిచిపెట్టడం రెండోది. మీ నాన్నగారు మూడోదాని దగ్గర మొదలుపెట్టారు. మీరు మొదటి రెండు చేసి మూడోది మర్చిపోతున్నారు. మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర ఉంది. ఆయనకు మీ జాగ్రత్త ఎంత అవసరమో, మీకు ఆయన ధీమా అంత అవసరం. ఈ మాట ఆయనతో అనండి. "నీకు నమ్మకం తక్కువ" అన్న మనిషి అది విని మెత్తబడతారు.

ఇక చేయాల్సింది. మొక్కు మానమని అడగొద్దు, అక్కడే గొడవ మొదలవుతుంది. మొక్కు ఎలా తీర్చాలన్నది మాట్లాడండి. ఉపవాసానికీ మాత్రలకీ పెట్టిన ముడిని ముందు విప్పాలి. మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు చెప్పే మాటల్లో, వ్రతాన్ని చెరపనివి ఎనిమిది అని ఒక శ్లోకం ఉంది. నీళ్ళు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఎనిమిదోది ఔషధం. మందు వేసుకుంటే వ్రతం చెడదు. నిష్ఠగల ఆయనకు ఈ శ్లోకం డాక్టర్ మాటకన్నా బాగా పనిచేస్తుంది. చేతిలో పెట్టండి.

షుగరుకు వాడే కొన్ని మాత్రలు, ఇన్సులిన్ ఖాళీ కడుపుతో తీసుకుని ఎక్కితే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. మాత్రలు మానేస్తే ఇంకో రకం ప్రమాదం. అందుకే ఏ మాత్ర, ఎంత, ఏ వేళకు అన్నది డాక్టరే మార్చి చెప్పాలి, మనంతట మనం మార్చకూడదు. దారిలో చెమటలు పట్టి, వణుకు వచ్చి, మాట తడబడితే వెంటనే మూడు చెంచాల గ్లూకోజో చక్కెరో నీళ్ళలో కలిపి తాగించండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకండి. షుగరున్నవాళ్ళకు గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు. ఊరికే ఆయాసం, తెలియని నీరసం, దవడ పట్టేసినట్టు ఉండడం, అంతే. "మెట్లెక్కితే ఎవరికైనా ఆయాసమే" అని దాన్ని దాటెయ్యకండి. కూర్చోబెట్టి పది నిమిషాలైనా తగ్గకపోతే ఇంక పైకి కదలొద్దు, సాయం పిలవండి.

దారి స్వభావం తెలిసి ఉండాలి. అలిపిరి దారిలో మెట్లు సుమారు 3,550. గాలిగోపురం దాకా నిలువుగా ఎక్కుడు. ఆ తర్వాత చాలా దూరం దాదాపు చదునుగా పోతుంది, జింకల పార్కు దాటతారు, కష్టం అయిపోయిందనిపిస్తుంది. మోకాళ్ళ మెట్టు దగ్గర మళ్ళీ నిలువు మెట్లు వస్తాయి. అప్పటికే అలిసిపోయిన గుండెకు అసలు పరీక్ష అక్కడే. రామానుజులు కొండను కాలితో తొక్కకూడదని మోకాళ్ళతో ఎక్కారని చెప్పుకునే చోటు అది. ఆయన పేరు మీద ఉన్న భాష్యకార్ల సన్నిధి దగ్గర కాసేపు కూర్చోవడం ఆచారమే, మీ నాన్నగారిని కూర్చోమంటే కాదనరు. శ్రీవారి మెట్టు దారి 2,388 మెట్లే, తక్కువ కదా అని దానికి మారుద్దామనుకుంటారు కొందరు. దూరం తక్కువే గానీ ఎక్కుడు ఎక్కువ, చదును చాలా తక్కువ. గుండె జబ్బున్నవాళ్ళకు అది సులువు కాదు. అరవై దాటినవాళ్ళు, గుండె జబ్బు, షుగరు, బీపీ ఉన్నవాళ్ళు నడకదారిన రాకపోవడమే మంచిదని 2024లో టీటీడీయే సూచించింది. ఆ సూచన ఇచ్చింది ఆయన నమ్మే స్వామి గుడివాళ్ళే అని చెప్పండి.

నా సలహా అడిగితే, పాపను ఈసారి బస్సులో అమ్మమ్మతోనో నాయనమ్మతోనో పైకి పంపండి. నాన్నగారిని ముందు గుండె డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. "మెట్లెక్కవచ్చా?" అని అడిగి ఊరుకోకండి. ఇన్ని మెట్లు, ఇన్ని గంటలు, ఉపవాసం, ఈ మాత్రలు అని వివరంగా చెప్పి అడగండి, అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయిస్తారు. ఎక్కొచ్చంటే తెల్లవారుజామున, చలికాలంలో, మీరు పక్కనే ఉండి ఎక్కించండి. వద్దంటే ఆయన మొక్కు మీరు నడిచి తీర్చండి. తండ్రి మొక్కును కొడుకు తీర్చడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. మొదటి మెట్టుకు ఆయన చేతనే పసుపు కుంకుమ పెట్టించి, కర్పూరం వెలిగించి, ఆయన్ని బస్సెక్కించి మీరు నడవండి.

ఇంత చెప్పినా వినకుండా ఒంటరిగా బయల్దేరతానంటే బలవంతంగా ఆపలేరు. ఆయనకూ తనదైన ఇష్టం ఉంది, దాన్ని స్వామే ఇచ్చాడు. అప్పుడు అలిగి ఇంట్లో కూర్చోకుండా వెంట వెళ్ళండి. సంచిలో మాత్రలు, గ్లూకోజు, నీళ్ళు, డాక్టర్ చీటీ పెట్టుకోండి, ఫోన్ ఛార్జింగ్ చూసుకోండి. డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ దొరికిన రోజు ఇక్కడ రాయండి, ఆయన వాడుతున్న మాత్రల పేర్లు తీసుకుని ఏమేం అడగాలో ముందే కాగితం మీద రాసి పెట్టుకుందాం.